44వ నంబర్ గదికి ఒక ఉత్తరం

సైకెడెలిక్ రాక్ అనగానే, అంటే కలలో తేలుతున్నట్టుండే అరవైల నాటి రాక్ సంగీతం అనగానే, మన దగ్గర చాలామందికి పింక్ ఫ్లాయిడ్ గుర్తొస్తుంది, లేదంటే కళ్లు మూసుకుని పావుగంట ఆపకుండా గిటారు వాయించేవాళ్లు గుర్తొస్తారు. అవన్నీ నాకూ ఇష్టమే. కానీ ఈ సంగీతం జోలికి ఇప్పటిదాకా పోనివాళ్లు ఎవరైనా మొదట ఏది వినమంటావ్ అని అడిగితే నేను తడుముకోకుండా చెప్పేది ఒకటే: జాంబీస్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ 1968 ఏప్రిల్‌లో విడుదల చేసిన 'ఒడెస్సీ అండ్ ఆరకిల్'. పన్నెండు పాటలు, అన్నీ కలిపితే దాదాపు 35 నిమిషాలు. గుంటూరులో రైలెక్కి పెట్టుకుంటే బెజవాడ స్టేషన్ రాకముందే అయిపోతుంది, కృష్ణా కెనాల్ దగ్గర సిగ్నల్ కోసం ఆపేశారంటే మళ్లీ మొదటి పాట నుంచి పెట్టుకోవచ్చు, నేను ఎక్కువసార్లు చేసేది అదే.

ఇంత సంతోషంగా ఉండే రికార్డు నాకు ఇంకోటి తెలీదు. ఊపు వేరు, సంతోషం వేరు. ఊపున్న పాటలకి మనకేం కరువు లేదు, పెళ్లి ఊరేగింపులో ఏది పెట్టినా కాళ్లు కదులుతాయి. నేను చెప్పేది పాట అయిపోయాక కూడా కాసేపు మొహం మీద ఉండిపోయే సంతోషం గురించి. అది ఎక్కడినుంచి వస్తుందన్న దాని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మూడు నాలుగు గొంతులు ఎవరి దారిన వాళ్లు నడుస్తూ వచ్చి ఒకే క్షణంలో కలుసుకుంటాయి చూడండి, అక్కడినుంచి వస్తుంది. పాట దేని గురించైనా కానివ్వండి, ఆఖరికి జైలు గురించైనా సరే, ఆ కలవడం జరిగిందంటే చాలు.

జైలు అని ఊరికే అనలేదు. మొదటి పాట పేరే 'కేర్ ఆఫ్ సెల్ 44'. పియానో హుషారుగా మొదలవుతుంది, దాని కింద బేస్ గిటారు తన సొంత వరస ఒకటి పాడుకుంటూ పోతుంటుంది, అప్పుడు కోలిన్ బ్లన్‌స్టోన్ గొంతు వస్తుంది. అరవని గొంతు, కొంచెం గాలి కలిసిన గొంతు. గుడ్ మార్నింగ్ చెప్పి ఒంట్లో కులాసాగా ఉందా అని అడుగుతాడు, ఉత్తరం రాస్తున్నానంటాడు, ఆదివారాలు వచ్చినప్పుడు నువ్వుండే గది, ఎండ పడే ఆ గది, నీకోసమే ఉంచానంటాడు. ఏ ఊరో వెళ్లిన ప్రియురాలు తిరిగొస్తోంది కాబోలు అనుకుంటాం. ఆ చరణం చివర్లో గానీ తెలీదు, ఆ అమ్మాయి వస్తున్నది జైలు నుంచి. అది తెలిసి మనం సర్దుకునేలోపే డ్రమ్స్ పడతాయి, వెనక గొంతులన్నీ ఒక్కసారిగా లేస్తాయి, నువ్వు ఇంటికొస్తున్నావంటే ఎంత బాగుందో అని పల్లవి ఎత్తుకుంటారు. మధ్యలో వాయిద్యాలన్నీ పక్కకి తప్పుకుని ఉత్త గొంతులే మిగిలే చోటు ఒకటుంది. మాటలు కూడా ఉండవు, ఆ... అనే రాగం మాత్రమే, ఒక గొంతు పైకెళ్తుంటే ఇంకోటి దిగుతుంటుంది. కొన్ని సెకన్లే. నేను రైల్లో కిటికీ పక్కన కూర్చుని అక్కడికి వచ్చినప్పుడల్లా నాకు తెలీకుండానే తల ఎత్తుతాను.

ఓసారి ఈ పాట మా చెల్లికి వినిపించి కథ చెప్పాను. "జైల్లో ఉందా? ఏం చేసిందంట అన్నయ్యా?" అంది. పాటలో ఆ ముక్క చెప్పలేదన్నాను. "చెప్పకపోతేనేంలే, వస్తోందిగా" అంది. ఈ పాట గురించి ఇంతకంటే బాగా ఎవరూ రాయలేదు, నేను చదివినంతలో.

ఇది నాకు ఇంతగా పట్టడానికి చర్చి క్వయర్, అంటే చర్చిలో కలిసి పాడే బృందం, కారణమని నా నమ్మకం. మన సంగీతంలో, కచేరీ కానివ్వండి, భజన కానివ్వండి, జానపదం కానివ్వండి, పదిమంది పాడినా అందరిదీ ఒకే వరస, అందమంతా ఆ ఒక్క వరసని ఎలా నడిపించారన్న దాంట్లో ఉంటుంది. హార్మొనీ, అంటే వేర్వేరు వరసలు ఒకేసారి కలిసి మోగడం, మన చెవులకి ఇళయరాజా గారి కోరస్‌ల వల్ల కొంత అలవాటైంది. గుంటూరులో పుట్టి పెరిగిన మా బోటివాళ్లకి చర్చి వల్ల ఇంకాస్త ముందే అలవాటైంది. లూథరన్ మిషనరీ హేయర్ 1842లో ఈ ఊరొచ్చాడు, ఇవాళ్టికీ ఇక్కడి చర్చిల్లో నాలుగు భాగాల పాట వినిపిస్తుంది, పై గొంతు నుంచి కింది గొంతు దాకా: సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్. నేను టెనర్.

టెనర్ పాడేవాడి సంగతి బయటివాళ్లకి తెలీదు. సొప్రానో వాళ్ల చేతిలో అసలు వరస ఉంటుంది, వాళ్లు ఇంట్లో కూనిరాగం తీసినా అందరూ ఆ పాటని గుర్తుపడతారు. మాకు ఇచ్చేది విడిగా పాడితే పాటలాగే ఉండదు, రెండు మూడు స్వరాల మధ్యే అటూ ఇటూ తిరుగుతుంటుంది. డిసెంబర్‌లో కారల్స్‌కి తిరగాలి కాబట్టి నవంబర్‌లోనే ప్రాక్టీసు మొదలవుతుంది, మాస్టారు ఒక్కో భాగాన్నీ విడిగా కూర్చోబెట్టి సోల్ఫాతో, అంటే డో రే మీ అక్షరాలతో, నేర్పిస్తారు. అన్ని రోజులూ ఇంట్లో నేను పాడుకునేది విని "ఏందిరా ఒకటే మూలుగుడు, పాట పాడుకోరాదా" అంటుంది అమ్మ. తర్వాత ఒక సాయంత్రం నాలుగు గుంపుల్నీ నిలబెట్టి కలిపి పాడిస్తారు. అప్పుడు నా ఆ రెండు స్వరాలే బేస్‌కి పైన, ఆల్టోకి కింద, అచ్చంగా వాటి చోట్లో కూర్చుంటాయి. ఫ్యాన్లు ఆపేసి పాడితే గదిలో ఎవరూ పాడని స్వరం ఒకటి పైన ఎక్కడో మోగుతుంటుంది కూడా. పక్కవాడి వైపు చూస్తే వాడూ పుస్తకంలోంచి తలెత్తి నవ్వుతుంటాడు, పాట ఏసు పుట్టుక గురించా సిలువ గురించా అన్న దాంతో ఆ నవ్వుకి సంబంధం ఉండదు.

జాంబీస్ కీబోర్డు వాద్యకారుడు, ఈ పాటల్లో చాలావాటికి కర్త అయిన రాడ్ ఆర్జెంట్ చిన్నప్పుడు సెయింట్ ఆల్బన్స్ కెథడ్రల్ క్వయర్‌లో పాడేవాడని చదివినప్పుడు నాకు పట్టలేనంత ఆనందమేసింది. నేను చెవితో పట్టుకున్నది నిజమేనన్నమాట. సెయింట్ ఆల్బన్స్ లండన్‌కి ఉత్తరాన ఉన్న ఊరు, బ్యాండ్ పుట్టింది అక్కడే. ఈ రికార్డులో గొంతుల అమరికలో క్వయర్ శిక్షణ వినిపిస్తూనే ఉంటుంది. అప్పటి చాలా రాక్ పాటల్లో వెనక గొంతులు ప్రధాన గాయకుడికి వంతపాట, అంతే. ఇక్కడ వెనక వరసని విడదీసి పాడుకున్నా అదో పాటలాగే ఉంటుంది.

వీళ్లు అప్పటికే పేరున్నవాళ్లు. 1964లో వచ్చిన మొదటి సింగిల్ అమెరికాలో కూడా పెద్ద హిట్టయింది. ఆ తర్వాత వచ్చినవి ఒకటీ అరా తప్ప చప్పబడ్డాయి. 1967లో సీబీఎస్ రికార్డు కంపెనీ వెయ్యి పౌండ్లు ఇచ్చి ఆల్బం చేసుకోమంది. ఆర్జెంట్‌కీ, బేస్ వాయించే క్రిస్ వైట్‌కీ ఒకటే పట్టు: ఈసారి ప్రొడ్యూసర్ ఎవరూ వద్దు, మన పాట మన తలలో ఎలా మోగుతోందో అలాగే బయటికి రావాలి. వెయ్యి పౌండ్లకి స్టూడియోలో కూర్చుని ఆలోచించే వెసులుబాటు ఉండదు కాబట్టి ముందే బాగా రిహార్సల్ చేసుకుని వెళ్లేవాళ్లు, మూడేసి గంటల సెషన్లలో పని ముగించుకుని వచ్చేవాళ్లు. నాకు ఈ విషయం చాలా ముఖ్యంగా తోస్తుంది. ఈ పాటల్లో వినిపించే తేలికదనం గాల్లోంచి ఊడిపడలేదు, ప్రాక్టీసు చేసి చేసి ఇక తప్పుతామన్న టెన్షన్ పోయాక వచ్చే తేలికదనం అది.

స్టూడియో ఏమిటంటే ఆబీ రోడ్. బీటిల్స్ తమ 'సార్జెంట్ పెప్పర్' ముగించి వెళ్లిన కొద్ది వారాలకే, 1967 జూన్‌లో, వీళ్లు అందులో అడుగుపెట్టారు. బీటిల్స్‌తో పనిచేసిన ఇంజినీర్ జెఫ్ ఎమెరిక్ వీళ్ల సెషన్లకీ పనిచేశాడు. జాన్ లెనన్ మెలోట్రాన్ అక్కడే ఉండిపోతే ఆర్జెంట్ దాన్ని వాడేసుకున్నాడు. మెలోట్రాన్ గురించి ఒక్క ముక్క చెప్పాలి, ఎందుకంటే ఈ ఆల్బంకి సైకెడెలిక్ రంగు అద్దింది చాలావరకు అదే. చూడటానికి కీబోర్డే. కానీ ప్రతి మెట్టుకీ లోపల ఒక టేపు ముక్క ఉంటుంది, దాని మీద ఆ స్వరంలో ముందే రికార్డు చేసిన వయొలిన్లో ఫ్లూటో ఉంటాయి. మెట్టు నొక్కితే టేపు తిరుగుతుంది, సుమారు 8 సెకన్లకి అయిపోతుంది, వేలు తీసి మళ్లీ నొక్కాల్సిందే. టేపు కదలికలోని చిన్న వణుకు శబ్దంలోకి వచ్చేస్తుంది. నిజం వయొలిన్లు కావని మనకి తెలుస్తూనే ఉంటుంది, అయినా ఆ వణుకే బాగుంటుంది. ఆర్కెస్ట్రాకి డబ్బుల్లేనివాళ్లు దాంతోనే ఆర్కెస్ట్రా కట్టేశారు. 'హంగ్ అప్ ఆన్ ఎ డ్రీమ్' పాటలో ఆ శబ్దం పొరలు పొరలుగా పరుచుకుంటుంది, అప్పటి యువతరం చూసిన కలలన్నీ ఆ ఒక్క పాటలో ఉన్నాయి. 'చేంజెస్' అనే పాటలో ఫ్లూట్ శబ్దం దాందే. చరణాలంతా గుంపుగా పాడతారు, గొంతులు తప్ప పెద్దగా ఇంకేం ఉండవు. క్వయర్ వాళ్లు ముందు వినాల్సిన పాట ఇది.

'బీచ్‌వుడ్ పార్క్' నాకు మొదట్లో అంత ఎక్కలేదు, ఇప్పుడు అది లేకుండా కుదరదు. వైట్ రాసిన పాట. వాళ్ల నాన్నకి ఒక పల్లెలో దుకాణం ఉండేది, దగ్గర్లోని బీచ్‌వుడ్ పార్క్ అనే బడికి సరుకులు అక్కడినుంచే వెళ్లేవి. వేసవి వాన పడ్డాక పల్లెదారులు, సాయంకాలం, ఓ అమ్మాయి జ్ఞాపకం, ఇంతే పాట. గిటారు శబ్దం నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టుంటుంది. మే నెలాఖర్లో గుంటూరులో ఎండకి మాడి మాడి ఉన్నప్పుడు సాయంత్రం గాలిదుమారం లేచి నాలుగు చినుకులు పడతాయి కదా, అప్పుడు డాబా మీదికి పరిగెత్తి ఈ పాట పెట్టుకుని చూడండి.

అన్నీ సంతోషపు కథలేనా అంటే కాదు. రెండో పాట 'ఎ రోజ్ ఫర్ ఎమిలీ' ప్రేమకి నోచుకోక ముసలిదైపోయిన ఆడమనిషి గురించి, పియానో, గొంతులు, అంతే. పదో పాట 'బుచర్స్ టేల్' మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో ఇరుక్కుపోయిన మాంసం కొట్టువాడి గోడు. అది బ్లన్‌స్టోన్ పాడలేదు, రాసిన వైటే వణికే గొంతుతో పాడాడు, వెనక కాళ్లతో తొక్కే హార్మోనియం లాంటి పాత పంప్ ఆర్గన్ ఒక్కటే మూలుగుతుంటుంది. మన వైపు పద్యనాటకాలు చూసినవాళ్లకి ఆ శబ్దం వింటే ఒళ్లు జలదరిస్తుంది, తెర వెనక నుంచి హరిశ్చంద్రుడు వస్తాడేమో అనిపించేంత దగ్గరగా ఉంటుంది. ఈ పాటకి ముందు ఉన్నది 'దిస్ విల్ బి అవర్ ఇయర్', తర్వాత ఉన్నది 'ఫ్రెండ్స్ ఆఫ్ మైన్', రెండూ ఆల్బంలోకెల్లా ఆనందంగా ఉండే పాటలు. మధ్యలో యుద్ధం. దీన్ని చాలామంది అతకలేదంటారు. నాకు మాత్రం అది అక్కడే ఉండాలి. చావు సంగతి తెలిసినవాళ్లు పాడుతున్న సంతోషం ఇది అని ఆ పాట వల్లే మనకి తెలుస్తుంది, అందుకే మిగతా పాటల్ని నమ్మబుద్ధేస్తుంది.

'ఫ్రెండ్స్ ఆఫ్ మైన్' ఇంకా విచిత్రం. ప్రేమలో ఉన్న స్నేహితుల జంటల్ని చూసి నాకెంత సంతోషంగా ఉందో అని పాట. తన ప్రేమ గురించి కాదు, వాళ్ల ప్రేమ గురించి! పల్లవిలో వెనక గొంతులు జంటల పేర్లు వరుసగా చదువుతాయి, అవి బ్యాండ్ వాళ్ల నిజం స్నేహితుల పేర్లే. పక్కవాడి సుఖం చూసి మనస్ఫూర్తిగా సంబరపడే పాటలు ఏ భాషలోనైనా ఎన్ని ఉంటాయి చెప్పండి. 'ఐ వాంట్ హర్, షి వాంట్స్ మి' తేలికపాటి పాట, దాని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, వచ్చి వెళ్తుంది.

ఇంత సంతోషంగా పాడిన బ్యాండ్ ఆ ఆల్బం బయటికి రాకముందే, 1967 డిసెంబర్‌లోనే విడిపోయింది. కొట్లాటలేం లేవు, డబ్బు సమస్య. ఆర్జెంట్‌కీ వైట్‌కీ పాటలు రాసినందుకు రాయల్టీలు వచ్చేవి, మిగతా ముగ్గురికీ కచేరీలే ఆధారం, అవి తగ్గిపోయాయి. గిటారిస్టు పాల్ అట్కిన్సన్‌కి పెళ్లి దగ్గరపడింది, ఉద్యోగం కావాలి. మోనోతో (అన్ని స్పీకర్లలో ఒకే శబ్దం) పాటు స్టీరియో మిక్స్ (రెండు స్పీకర్లకి శబ్దాన్ని పంచే కూర్పు) కూడా కావాలని కంపెనీ అడిగేసరికి ఇచ్చిన డబ్బు అయిపోయింది, ఆ ఖర్చు ఆర్జెంట్, వైట్ సొంత జేబులోంచి పెట్టుకున్నారు. అట్ట మీద రంగుల బొమ్మ వేసిన వాళ్ల స్నేహితుడు టెరీ క్విర్క్ ఆల్బం పేరులో ఒక అక్షరం తప్పు రాశాడు, అదలాగే అచ్చయిపోయింది. ఇంగ్లండ్‌లో ఎవరూ పట్టించుకోలేదు. అంత గొంతున్న బ్లన్‌స్టోన్ ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగానికి చేరిపోయాడు.

అమెరికాలో ఆల్ కూపర్ అనే సంగీతకారుడు అప్పుడు కొలంబియా రికార్డు కంపెనీలో ఉన్నాడు. ఇంగ్లండ్ వెళ్లినప్పుడు కొనుక్కొచ్చుకున్న రికార్డుల్లో దీన్ని విని, ఇది విడుదల చేయకపోతే ఎలా అని పట్టుబట్టాడు. చివరి పాట 'టైమ్ ఆఫ్ ది సీజన్' 1969లో బిల్‌బోర్డ్ పట్టికలో 3వ స్థానం దాకా వెళ్లింది. అప్పటికి బ్యాండే లేదు. ఇదే అదనుగా అక్కడ కొందరు మేమే జాంబీస్ అని చెప్పుకుని ఊళ్లు తిరిగి కచేరీలు కూడా చేశారు. అసలువాళ్లు మళ్లీ కలుస్తారా అంటే అప్పట్లో కలవలేదు. ఆర్జెంట్, వైట్ అప్పటికే కొత్త బ్యాండ్ పనిలో ఉన్నారు.

'దిస్ విల్ బి అవర్ ఇయర్' గురించి విడిగా చెప్పాలి. రెండు నిమిషాల పైచిలుకు పాట, అంతే. కష్టకాలం గడిచింది, ఈ ఏడాది మనది, రావడానికి చాలా కాలం పట్టింది అని ఒకడు తన మనిషికి చెప్పుకునే మాట. డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయిపోయి, చర్చి మెట్ల మీద అందరూ ఒకళ్లకొకళ్లు షేక్‌హ్యాండ్స్ ఇచ్చుకుంటూ, చిన్నపిల్లలు నిద్రకళ్లతో అమ్మల భుజాల మీద వేలాడుతూ ఉంటే, నా లోపల నడిచే పాట ఇదే. దీన్ని మోనోలో వినండి. బాకాల శబ్దాన్ని నేరుగా మోనో మిక్స్ మీదే ఎక్కించారు, అందుకని మొదటి స్టీరియో రికార్డులో కూడా ఈ ఒక్క పాటకి అసలు స్టీరియో ఉండదు. ఆ బాకాలు లేకపోతే పాట సగమే.

2008లో, ఆల్బంకి 40 ఏళ్లు నిండినప్పుడు, లండన్ షెపర్డ్స్ బుష్ ఎంపైర్‌లో మిగిలిన నలుగురూ కలిసి మొత్తం పన్నెండు పాటలూ వరుసగా పాడారు. అట్కిన్సన్ 2004లో పోయాడు. విడిపోయిన బ్యాండ్ కాబట్టి అంతకుముందు ఈ ఆల్బంని వాళ్లు వేదిక మీద మొత్తంగా పాడిందే లేదు. రికార్డులో ఏ స్వరం ఉందో అదే ఉండాలని ఆర్జెంట్ పట్టుబట్టాడు, అందుకోసం వెనక గొంతులకీ మెలోట్రాన్ భాగాలకీ వేరే మనుషుల్ని కూడా తెచ్చుకున్నారు. ఆ కచేరీ డీవీడీగా వచ్చింది. అరవై దాటిన బ్లన్‌స్టోన్ 'కేర్ ఆఫ్ సెల్ 44' ఎత్తుకుంటే గొంతు మారింది గానీ గుడ్ మార్నింగ్ చెప్పే తీరు మారలేదు.

ఈసారి కారల్స్ హడావిడి అయిపోయాక మా క్వయర్ వాళ్లతో 'చేంజెస్' పాడించాలని నాకు బాగా కోరికగా ఉంది. మాస్టారిని అడిగాను, ముందు భాగాలు విడదీసి రాసుకుని రా, చూద్దాం అన్నారు. సొప్రానో, ఆల్టో సోల్ఫాలో రాసేశాను, టెనర్ నోటికే వచ్చు, ఇక బేస్ వరస ఒకటి తేల్చాలి.